మూడు నెలల తాళం

తెరచాప విప్పి నాలుగు తెడ్లకు కట్టాం.
అదే మా సభ.
మడగాస్కర్ నైరుతి అంచు,
గాలి ఎప్పుడూ ఒకే వైపు మొగ్గే చోటు.
పట్నం నుంచి వచ్చిన పటంలో
మా పగడపు దిబ్బ ఒక నీలం మరక.
పేరు లేదు, లోతు లేదు,
అంచున ఎవరి కాలూ తెగిన గుర్తు లేదు.

జీతం లేని గుమాస్తాని నేను.
పుస్తకం నాది, పెన్ను నాది.
వచ్చినవాళ్ల హాజరు వేయడం,
తిట్టుకుంటే తిట్లు వదిలేసి
మిగిలింది రాయడం.
మొదటి రోజు పదకొండు మంది.
రెండో రోజు నలుగురూ, ఒక కుక్కా.

మూడో రోజు జఫీసువ వచ్చింది,
ముఖమంతా అరగదీసిన చెక్క గంధం,
చేతిలో ఆక్టోపస్‌ని పొడిచే ఇనుప ఈటె.
పటాన్ని బోర్లించి దాని మీదే కూర్చుంది.
ఇసుకలో గవ్వ పెట్టి
"ఇది ముసలోడి దవడ" అంది.
ఇంకో గవ్వ: "ఇక్కడ నీళ్లు దగ్గుతాయి."
ఇంకోటి: "ఇక్కడ మా చెల్లి చెప్పు పోయింది,
అప్పట్నుంచీ దీని పేరు చెప్పు."
నలభై మూడు పేర్లు.
అరవై ఏళ్లు ఆటు నీళ్లలో నడిచిన పాదాలు
ఎక్కడా తడబడలేదు.

"గీత ఎక్కడ గీద్దాం?"
అడిగాడు త్సిమివా, పడవల పెద్ద.
ఎవరి గుంట వాళ్లకు బంగారం.
గీత అందరి గుంటల్నీ తప్పుకుంటూ
మెలికలు తిరిగి తిరిగి
చివరికి చేపే రాని ఒక బోడిరాయిని
భద్రంగా చుట్టుకుంది.

అప్పుడు జఫీసువ వంగింది.
తన గవ్వని, ఏడుగురు పిల్లల్ని సాకిన గుంటని,
వేలితో గీత లోపలికి నెట్టింది.
ఏమీ అనలేదు. నడుం పట్టుకుని లేచింది.
కాసేపటికి ఇంకో చెయ్యి వంగింది. ఇంకోటి.
ఒకడు సణుగుతూ సగం గవ్వే నెట్టాడు.
అలాగే రాశాను, సగం అని.

మూడు నెలలు ఎవరూ అడుగు పెట్టకూడదు.
పెడితే మేక జరిమానా.
ఈ కట్టుబాటుని మేం దీనా అంటాం.
రాత్రి కాపలా వంతులవారీగా, నాది మంగళవారం.

ముప్పై ఎనిమిదో రాత్రి
గీత లోపల చిన్న వెలుగు, వంగుతూ, లేస్తూ.
ఆ వంగడం నాకు తెలుసు.
మా అన్న రెసాంబా.
"చంటిదానికి జ్వరం" అన్నాడు, టార్చి ఆర్పి.
మోకాళ్ల దాకా నీళ్లు.
బుట్టలో ఒకటే ఆక్టోపస్,
నా వెలుగులో రంగు మీద రంగు మారుస్తూ
ఎందులో దాక్కోవాలో తేల్చుకోలేక.

తప్పుల పేజీ అప్పటిదాకా ఖాళీ.
తడి చేత్తో రాశాను. పేరు కొంచెం పాకింది.

తెల్లారి మేకని తోలుకొచ్చాడు,
నావైపు చూళ్లేదు.
జ్వరం బిళ్లల కోసం వదిన
మా గుమ్మం దాటుకుని
జఫీసువ ఇంటికెళ్లింది.

జఫీసువకి చదువు రాదు.
సాయంత్రం వచ్చి పుస్తకం తెరిపించి
పాకిన సిరాని బొటనవేలితో తడిమి
"ఇది ఏ గుంట?" అని అడిగింది.

దీనికింకా పేరు పెట్టలేదు, అన్నాను.