ఏడుగురి తీర్మానం

శనివారం పొద్దుగూకి
మూడు చుక్కలు పొడిచాక
మెట్టుగూడ రైల్వే క్వార్టర్ వెనక గదిలో
లవంగాల డబ్బా చేతులు మారింది.
ఎండుద్రాక్ష షర్బత్తులో ముంచి కొవ్వొత్తి ఆర్పారు.
అప్పుడు తెరిచాను మినిట్స్ పుస్తకం.

ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కావాలి.
ఆడవాళ్లతో కలిపినా మేం ఏడుగురమే.
అభిప్రాయాలు మాత్రం పదకొండు.

విషయం: తార్నాక మలుపులో కొత్త బట్టల దుకాణం.
బోర్డు మీద హిట్లర్ పేరు, ఎర్రగా,
పక్కన ఒరిగిన గుర్తు.
రెండు షర్టులు కొంటే ఒకటి ఉచితం.

కేసు పెడదామన్నాడు ఎలియాబు,
సెక్షన్ నంబరు వాడి నాలుక చివరే ఉంది.
పేపర్లో వేయిద్దామంది రెబెకా.
"వేయించు, మన గుమ్మం ఊరందరికీ తెలుస్తుంది.
బళ్లో నా మనవడు క్రిస్టియన్‌నని చెప్పుకుంటున్నాడు,
విడమర్చి చెప్పలేక"
అంది దీనమ్మత్త, లవంగం నములుతూ.
దారిన పోయే కంపను తగిలించుకోవడమెందుకని
నఫ్తాలి మాస్టారు.

తళకర్ గారు, మా పెద్ద, ఒకప్పటి గూడ్సు గార్డు,
ఒక్కటే అడిగారు:
"ఆ కుర్రాడి పేరేమిటి?"
ఎవరికీ తెలీదు.
పుస్తకంలో ఖాళీ వదిలాను.

సోమవారం నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు.
గడప మీద వాళ్లమ్మ పసుపుతో దిద్దిన స్వస్తిక్,
నిటారుగా.
పైన బోర్డు మీద ఆ ఒరిగింది.
కింది దానికి కాలు తగలకుండా దాటారాయన.

"పేరు గట్టిగుండాలని మా బావ పెట్టిండు సార్.
డిసిప్లిన్ కదా."
టేపు భుజాల మీద పరుస్తూ అన్నాడు కుర్రాడు.

నీలం గీతల షర్టు. బిల్లు.
"పేరు సార్?"
"ఎఫ్రాయిం తళకర్. యూదుణ్ణి."
"అంటే?"
"అంటే, నీ బోర్డు మీదున్నాయనకు
నేను బతికుండటం ఇష్టం లేదు."

పెన్ను ఆగింది.
"మీరా? ఎందుకు సార్?"

మూడు రోజులు మేం తయారుచేసుకున్న మాటల్లో
దానికి జవాబు లేదు.
తళకర్ గారు నా వైపు చూశారు,
నేను షర్టు మడత వైపు.

మళ్లీ శనివారం. చుక్కలు, లవంగాలు.
బోర్డు మారలేదని రాశాను.
రాత్రిళ్లు దాని లైటు వెయ్యట్లేదని కూడా.
ఎలియాబు నోటీసు తయారు, పంపలేదు.
పాత పేజీ ఖాళీలో నింపాను:
గుండ్ల శ్రీశైలం.

షర్టు చేతులు పొడవయ్యాయట.
మార్చుకోవడానికి
బుధవారం మళ్లీ వెళ్తారట తళకర్ గారు.
ఈసారి దీనమ్మత్త కూడా వస్తానంది,
మనవడికి నిక్కరు కావాలని.

తీర్మానం: బిల్లు జాగ్రత్త చేయాలి.