జీరో టికెట్

దసరా సెలవులకు
అనన్విత వాళ్లింట్ల అందరు యూరప్ పోయిండ్రు.
పొద్దున లేస్తే నా ఫోన్ నిండ వాళ్లే:
ఒక ఊర్ల గడియారం గోపురం, ఒక ఊర్ల ఎర్రబడ్డ ఆకులు,
రైలు కిటికీల వాళ్ల నాయినమ్మ, ఉన్ని టోపీ.
'నిద్రపోయి లేస్తే దేశం మారిందే,
ఎవ్వరు ఏం అడుగలే' అని రాసింది.

హన్మకొండ బస్టాండ్ల
అమ్మమ్మకు అది చదివి వినిపించిన.
నా సెలవుల కోసమని కోరుట్ల నుంచి వచ్చిండ్రు
అమ్మ, అమ్మమ్మ, తమ్ముడు శ్రీచరణ్,
బతుకమ్మకు చేసిన సత్తుపిండి డబ్బ.
'అడుగకపోతే ఎట్ల?
ఆధార్ కార్డన్న చూడాలె గద' అన్నది అమ్మమ్మ.

కాళేశ్వరం బస్సు.
కండక్టరమ్మ మూడు జీరో టికెట్లు కొట్టింది,
శ్రీచరణ్‌గానికి నిండు టికెట్.
'మొగోనివైనందుకు జుర్మానా' అని అమ్మ నవ్వింది.
వాడు పరకాల దాకా మాట్లాడలే.

భూపాలపల్లి కాడ బొగ్గు లారీల వెనుక
మా బస్సు దగ్గుకుంట నడిచింది.
పత్తి అప్పుడప్పుడే పలుగుతున్నది.
పండుగకు కొయ్యంగ మిగిలిన గునుగు
గట్ల మీద ఎవ్వరికీ అక్కరలేకుంట తెల్లగ.
అమ్మమ్మ కిటికీ సీటు ఎవ్వరికియ్యలే.
ఒళ్లె చాట లేకుంట ఆమె కూసునుడు
నేను పుట్టినంక ఇదే చూసుడు.
ఖాళీ చేతులకు ఏం జెయ్యాల్నో ఎరుకలేక
టికెట్‌ను చుట్టినయి:
అటు మడిచి, ఇటు మడిచి, గోరుతోని కొన నొక్కి.
మహదేవ్‌పూర్ వచ్చేసరికి అది బీడీ అయింది.
చెకింగోళ్లు ఎక్కితే
అమ్మ దాన్ని విప్పి, తొడ మీద సాపుజేసి చూపెట్టింది.

ఒక్క పానవట్టం మీద రెండు లింగాలు చూసినం.
రెండు నదులు కలిసే కాడ కాళ్లు కడుక్కున్నం.
అమ్మమ్మ చూపు మాత్రం వంతెన మీదనే.
'ఆ దరి ఏ ఊరు?'
'సిరొంచ. మహారాష్ట్ర.'
'వేరే రాజ్జెమా?'
'అవు.'
'పోదాం.'
'అటు జీరో టికెట్ నడువది, అవ్వా.'
'అది నడువకపోతే మనం నడుద్దాం.'

మోకాళ్లు నొయ్యంగ, రెండుసార్లు కూసొని లేచి,
నడిమిట్ల ఆగి అడిగింది: 'ఏడ మారుతది?'
శ్రీచరణ్ ఫోన్ చూసి 'ఇగో, ఇక్కడ' అన్నడు.
గీత లేదు.
రెండు పలకల నడుమ ఒక ఇనుప పట్టీ,
దాంట్ల ఇరికిన చెప్పు ముక్క.
దాన్ని దాటేముందు కొంగు సర్దుకున్నది.

ఆ దరి చాయ్ హోటల్ల
మాట రాదని నాలుగు వేళ్లు చూపెట్టింది.
'చక్కెర తక్కువెయ్యాల్నా, అవ్వా?' అన్నడతను.
ఆమె మొకం చిన్నబోయింది:
'గింత దూరమొచ్చినా మన మాటేనా?'

హోటల్ వెనుక ఒక చెట్టు.
చాయ్ కింద పెట్టి పోయింది. మేం పిలిచినా తిరుగలే.
ఒక ఆకును బొటనవేలు మీద పరిచి,
ఈనె మీద వేలు జరిపి,
లేని కత్తెరతోని చుట్టూత కొలిచింది.
తునికి.
'నలభై రెండేండ్లు,' అన్నది మాతోని కాదు,
'సిరొంచ ఆకొచ్చింది, సిరొంచ ఆకొచ్చింది అని
మున్షీ కేకేస్తుంటె
సిరొంచ అంటె సేటు పేరనుకున్న.'

మేమెవ్వరం నవ్వలే.
అమ్మ తన వేళ్లు చూసుకున్నది.
అమ్మ వెయ్యి చుట్టిన రాత్రుల మీదనే
నా హాస్టల్ ఫీజు కట్టింది.
ఈ అడవి మా ఇంట్ల తడిగోనె కింద పండుకునేది,
నేను దాని పక్కన లెక్కలు చేసుకునేదాన్ని.
దాని ఊరేదని ఎన్నడూ అడుగలే.

'ముదిరింది,' అని ఆకును విడిచిపెట్టింది.
'ఇప్పుడు తెంపితే పలుగుతది. ఎండల రావాలె.'

వాపస్ బస్సుల కొత్త కండక్టర్.
'ఏడెక్కిండ్రు?'
'కాళేశ్వరం' అన్నది అమ్మ.
'సిరొంచ' అన్నది అమ్మమ్మ.
ఆయన ఇద్దరినీ చూసి కాళేశ్వరమే కొట్టిండు.

అనన్విత అడిగింది: 'మీరెటన్న పోయిండ్రా?'
రాసిన, చెరిపిన, మళ్లా రాసిన.
సిగ్నల్ పోయింది.

చీకట్ల పత్తిచేన్లు ఎనుకకు పోతున్నయి.
శ్రీచరణ్ సత్తుపిండి మూతితోనే నిద్రపోయిండు.
అమ్మమ్మ ఈసారి టికెట్ చుట్టలే,
కండ్లద్దాల డబ్బల పెట్టుకొని
నా ఎండాకాలం సెలవులెప్పుడని అడిగింది.