నలభై ఒకటో నెంబరు

తెల్లారుజామున మూడూ నలభై.
పత్తికొండ టమోటా మార్కెట్ ఎదురుగా
సుంకులమ్మ హోటల్ పైన అద్దె గది నాది.
కింద బొరుగులు నానుతున్నాయి.
పైన నా ల్యాప్‌టాప్‌లో ఒక గీత
ఆగకుండా లేస్తోంది.

ధరలన్నీ దాచిన క్యాష్ యాడుందంటే
మబ్బులో, అంటారు మావాళ్లు.
మబ్బును నమ్మి చెడినోళ్లం ఈ సీమలో,
అయినా మళ్లీ నమ్మినాం.

పదివేల మందికే ఆ ఇంట్లో చోటు.
ఏడువేలు. ఎనిమిదివేల మూడొందలు.
రైతొకడు ఫోన్ తీసి "బాక్సు ఎంత?" అంటే
మధ్యలో మా సర్వర్ పోయి తలుపు తట్టాల,
ధర అడగాల, తలుపేసి రావాల.
ఖాజా మొయినుద్దీన్ నిన్న రాసిన కోడ్
తడుతుంది, అడుగుతుంది,
వేయడం మరిచిపోతుంది.
ఇంకొకడు అడిగితే ఇంకో తలుపు.

జాబితా తీసినాను.
ఎవరు, యాడినుంచి, వచ్చి ఎంతసేపైంది,
నోరు తెరిచి ఎంతసేపైంది.
ఐడిల్ మూడొందల సెకన్లు. ఐడిల్ తొమ్మిదొందలు.
అడిగింది అయిపోయింది, తిన్నది అరిగిపోయింది,
లేవరు.

సుంకులమ్మకు ఇది తెలిసిన జబ్బే.
ఉగ్గాని తిని, బజ్జీ తిని, టీ తాగి
పేపర్లో సినిమా పేజీ రెండోసారి చదివేవాడి ముందుకి
తడిగుడ్డ తెచ్చి బల్ల తుడుస్తుంది.
ఏమీ అనదు.
గుడ్డ వాడి మోచేతికి తగిలేదాకా తుడుస్తుంది.
దాన్నే మేము టైమౌట్ అంటాం.
మా క్యాష్‌కి ఆ గుడ్డ లేదు.
ఎవరో సున్నా పెట్టి వదిలేసినారు,
సున్నా అంటే ఎవరినీ ఎప్పటికీ లేపొద్దని.

నాలుగూ అయిదుకి
తొమ్మిదివేల తొమ్మిదొందల తొంభై.
ఆ తర్వాత వచ్చినోళ్లకు
చోటు లేదని మొహమ్మీదే జవాబు.
దేవనకొండ దిక్కునుంచి అరవై బాక్సులతో
ఆటోలో వస్తున్న ఎవరికో
తెరమీద చక్రం తిరుగుతానే ఉంటుంది,
దళారీ నోట్లోది ధర అయిపోతుంది.

ఇంక ఆలోచించలేదు.
పది నిమిషాలుగా పలకని ప్రతి కనెక్షన్నూ
వెతికి వెతికి తెంపినాను.
రొంత సంతోషంగా కూడా ఉండింది, అబద్ధమెందుకు.
గీత దిగింది. అయిదు వేలు. పద్దెనిమిదొందలు.

కింద నుంచి కేక:
"ఓ పాపా, గేటుకాడ బోర్డు సచ్చిపాయనే!"

మార్కెట్ గేటు మీద ఎర్రక్షరాల ధరల బోర్డు.
నేను తెంపినవాటిలో నలభై ఒకటో నెంబరు.
పదకొండు రోజులుగా గడప దగ్గరే నిలబడి
ఒక్క మాటా అడగనిది.
అది అడగడానికి రాలేదు, వినడానికి వచ్చింది.
ధర మారిన ప్రతిసారీ మనమే చెప్తాం,
వింటుంది, వెలిగిస్తుంది, మళ్లీ ఊరుకుంటుంది.
మా లెక్కల్లో వినడం పని కిందికి రాదు.

మళ్లీ లేపితే వచ్చింది,
కొత్త నెంబరుతో.
వయసు: సున్నా సెకన్లు.
పదకొండు రోజులు యాడికి పోయినాయో
అది అడగలేదు, నేను చెప్పలేదు.

ఖాజాను నిద్ర లేపి తిట్టినాను.
"మనిషికొక గ్లాసు కొంటావా లెయ్?
నాలుగు గ్లాసులు పెట్టుకో,
కడుక్కుంటా ఇచ్చుకుంటా పో."
ఆవులించి, సరే అన్నాడు.
టైమౌట్ మూడొందలు పెట్టినాను.
ఎనిమిదివేలు దాటితే ఫోన్ మోగమన్నాను.
వినేవాళ్ల పేర్లు వేరే కాగితంలో రాసుకున్నాను,
వాళ్ల జోలికి పోవద్దని,
నాకు నేనే.

అయిదున్నరకు కిందికి దిగితే
మూల బల్లకాడ హమాలీ మద్దిలేటి,
ముందు ఖాళీ గ్లాసు,
గంట నుంచీ అట్లే కూకున్నాడంట.
సుంకులమ్మ గుడ్డ అన్ని బల్లలూ తిరిగి వచ్చి
ఆయన గ్లాసు చుట్టూ ఒక సున్నా చుట్టి
పక్కకు పోయింది.
ఆయన చెవి రోడ్డు మీద ఉంది,
యా లారీ హారన్ కోసమో.

ఉగ్గాని వేడిగా ఉండింది.
తిన్న వెంటనే
నేను లేచినాను.