పక్క వెలుగు

మొదట్లో నేను తీసిన గుర్రాలన్నీ
ఎవరో చెంప మీద కొట్టినట్టు ఉండేవి.
తెల్లగా, బిత్తరపోయి,
కాళ్ల కింద నీడైనా లేకుండా.
"ఇది ప్లాస్టిక్కా అక్కా?" అని
బెంగుళూరాయన మెసేజు పెట్టినాడు.
ఆరు దినాలు ఆరబెట్టి
రాత్రంతా ఆవం కాడ జాగారం చేసి
కాల్చిన గుర్రాన్ని.

పలమనేరు బస్టాండు కాడ
రీచార్జి అంగట్లో జబీవుల్లా
ఫోను వెనక్కి తిప్పి నవ్వినాడు.
"ఈ అద్దం మీద కుండ చేయొచ్చు పెద్దమ్మా,
అంత మన్నుండాది."
చొక్కా అంచుతో తుడిచినాడు.
ఫ్లాషు ఆపేసినాడు.
రెండు వేళ్లతో గుంజి దగ్గరికి తేవద్దు,
నువ్వే లేచి దగ్గరికి పో, అన్నాడు.
ఇరవై రూపాయలిస్తే తీసుకోలా.
వాళ్ల పాపకు దుడ్లేసుకునే ముంత ఒకటి
చేసిమ్మన్నాడు.

నువ్వే లేచి దగ్గరికి పో.
సారె ముందర ముసలైనదానికి
ఇదేం కొత్త మాట?
మట్టి ఎప్పుడైనా లేచొచ్చి ఒళ్లో కూర్చుందా,
నడుము వంగాల్సింది మనం గదా.

ఇంక వెలుతురు కోసం తిరిగినా.
మిట్టమధ్యాన్నం పెడితే
గుర్రం రొట్టె మాదిరి చదునైపోయె.
నీలం పట్ట కింద పెడితే
జెరమొచ్చిన బిడ్డ మాదిరి నీలంగా ఆయె.
సాయంత్రం ట్యూబులైటు కింద
చూడనే వద్దు.
మా ఆయన చెంగల్రాయుడు
నేను గుర్రాన్ని సంకన పెట్టుకోని
ఇల్లంతా తిరగతా ఉంటే
"దాన్ని నిద్రపుచ్చుతా ఉండావా మే?" అన్నాడు.
ఆయన పెండ్లి పంచె తీసి
గోడకు కట్టినానని
రెండు పూటలు మాట్లాడలా.

ఒక మాట మద్యలో చెప్పాల.
ఈ ఫోను కొన్ననాడు
అంగడాయన నా బొటనవేలు అద్దమన్నాడు.
ఏడుసార్లు అద్దినా.
పైట కొంగుతో తుడుచుకోని అద్దినా.
నువ్వెవరో తెలీదనింది ఫోను.
రేషను అంగట్లో మిషనుదీ అదే మాట.
నలభై ఏండ్లు మట్టి తిన్న వేలు,
గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయినాయి.
సరే పొమ్మని
నాలుగు అంకెలు పెట్టించుకున్నా.

ఆ పొద్దు ఆరూముప్పావు.
మొగిలి కొండల మీంచి పొద్దు లేచి
కొట్టం తలుపు సందులో
అడ్డంగా దూరింది.
పైనుంచి గాదు, ఎదురుగా గాదు,
పక్క నుంచి,
పక్కింటామె ఉప్పు అడిగేదానికి తొంగిచూసినట్టు.
చీకటి పక్కన స్టీలు తట్ట నిలబెట్టినా.
అటు కూడా రవంత ఎర్రదనం పారింది.
మోకాళ్ల మీద కూర్చోని
గుర్రం కండ్లకు నా కండ్లు సరిగ్గా పెట్టి
తెర మీద ఒకసారి తాకి
ఊపిరి బిగబట్టినా.

జూలు వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.
మెడ కింద మాత్రం ఏదో గుంట.
పెద్దది చేసి చూసినా.
నున్నగా, ఎడమకు ఒరిగి,
మద్యలో సన్నటి గాటు.
చెరుకు కోతకు పోయినప్పుడు
కొడవలి పెట్టిన గాటు, నా బొటనవేలిది.
తల అతికేటప్పుడు
అక్కడే అదుముతా గదా!
నలభై ఏండ్లలో
ఒక్కనాడూ నేను చూడలా.
ఫోను, అదే ఫోను,
చూసింది.

బెంగుళూరాయనకు పంపినా.
"ఫోటో సూపర్. మెడ దగ్గర డ్యామేజీ ఉంది,
వేరే పీసు పంపండి" అన్నాడు.

వేరే గుర్రాన్ని అదే తలుపు కాడ నిలబెట్టినా.
ఇంకోదాన్ని. ఇంకోదాన్ని.
తొమ్మిది ఫోటోలు పంపినా,
తొమ్మిదింట్లోనూ మెడ కింద
నేనుండా.
కింద ధర రాసినా,
మునుపటికంటే ముప్పై రూపాయలు జాస్తి.

రెండు టిక్కులూ నీలమైనాయి.
జవాబింకా రాలా.
పొద్దు నడినెత్తికి వచ్చేసింది,
ఇప్పుడు ఫోటోలకు పనికిరాదు.
పోయి మట్టి తొక్కాల,
జబీవుల్లా పాపకు ముంత బాకీ ఉండాది.