నలభై డిగ్రీల దగ్గర

వాలరూ రేవులో గోధుమ ఓడ నిండుతున్న వారం.
రోడ్డంతా లారీల దుమ్ము, గాలిలో ఉప్పు.
డోర్కస్ నీబోన్ తన కారును నా షెడ్డు దాకా
దాదాపు బతిమాలుకుంటూ తీసుకొచ్చింది.
తొంభయ్యో సంవత్సరపు హోల్డెన్ వ్యాగన్.
వెనక సీట్లో కట్లు కట్టే పెట్టె, రబ్బరు బూట్లు,
సగం కొరికిన పాస్టీ.

"చల్లగా ఉంటే బాగానే ఉంటుంది మెరిన్.
బాగా కాగాకా బాగానే ఉంటుంది.
మధ్యలోనే, సైలోల మలుపులో స్టాప్ బోర్డు దగ్గర..."
మిగతాది చేత్తో చూపించింది,
దీపం ఆర్పినట్టు.

పదకొండేళ్ళుగా ఆమె కుడిపాదం ఒక విద్య నేర్చింది.
వేళ్ళు బ్రేకు మీద, మడమ యాక్సిలరేటర్ అంచు మీద.
ఆగబోయే ప్రతిసారీ ఒక చిన్న తట్టు,
పరీక్ష ముందు రాత్రి తూగుతున్న పిల్లాణ్ణి
పడుకోకురా అని తట్టినట్టు.

కంప్యూటర్ పోయింది, బండి పారెయ్ అన్నారట ఊళ్ళో.
నేను ముందు కంప్యూటర్ జోలికి పోను.
ముందు గొట్టాలు.
డోర్కస్ మెడలోని స్టెతస్కోపు అడిగి తీసుకుని
ఇంజన్ మీద వంగి వెతికాను.
మానిఫోల్డ్ కింద ఒకచోట సన్నని ఈల.
వెంట్రుక మందం పగులు, నాలుగు డాలర్ల రబ్బరు.
సగం జబ్బు అక్కడే పోయింది.

మిగతా సగం ఎవరిదో మంచితనం.
ఎప్పుడో, ఎవరో, పెద్ద ఇంజెక్టర్లు బిగించారు,
కంప్యూటర్‌తో మాట మాత్రం చెప్పలేదు.
అది ఇంకా చెంచా లెక్కనే వడ్డిస్తోంది,
చేతిలో ఉన్నది గరిటె అని తెలియక.

చలిలో ఇంజన్‌కి ఎలాగూ ఆకలెక్కువ, ఎంత పోసినా తాగేస్తుంది.
కాగాక ఆక్సిజన్ సెన్సర్ నిద్రలేచి
చాలు చాలు అని చెయ్యి అడ్డం పెడుతుంది.
నలభై డిగ్రీల దగ్గర మాత్రం
అడిగేవాళ్ళూ లేరు, ఆపేవాళ్ళూ లేరు.
అక్కడ పొలమారుతుంది.

పాసింజర్ కాళ్ళ పక్కన ప్లాస్టిక్ మూత విప్పి
చిప్ బయటికి తీశాను.
దాని నడినెత్తిన గాజు కిటికీ, గోరంత.
ఊదారంగు దీపం కింద ఇరవై నిమిషాలు పెడితే
తెలిసినదంతా మరిచిపోతుంది.
ఆ ఇరవై నిమిషాలూ మేం టీ తాగాం.
డోర్కస్ ఆ దీపపు పెట్టె వంకే చూస్తూ
"నొప్పి ఉండదుగా?" అంది.
నర్సు గదా, అలవాటు.

చిక్కేమిటంటే, నలభై డిగ్రీలు
రోజుకి ఒక్కసారే వస్తాయి.
పొద్దున్నే, ఒక అయిదు నిమిషాలు.
తప్పితే మళ్ళీ రేపే.

సోమవారం మరీ తగ్గించాను. కుదుపులు, ఒక టపాకాయ మోత.
సీగల్స్ అన్నీ లేచిపోయాయి.
మంగళవారం పర్వాలేదు, మలుపులోనే ఆగిపోయింది.
బుధవారం ఆమెకి కాన్పు కేసు.
గురువారం ఒడిలో ల్యాప్‌టాప్, గళ్ళనిండా అంకెలు,
పన్నెండువందల చుట్ల వరసలో రెండు గళ్ళు.
ఇక్కడ మూడు తీశాను, అక్కడ ఒకటి కలిపాను,
ఉప్పు చూసే వంటమనిషిలా నాలుక బయటపెట్టి.
ఆ బండిలో నేను చేసిన పనంతా
చివరికి ఆ నాలుగు అంకెలు.

శుక్రవారం.
సైలోల మలుపు. స్టాప్ బోర్డు.
జంట ట్రెయిలర్ల లారీ తీరిగ్గా తిరుగుతోంది,
దాని వెనక ఇంకొకటి.
థర్మామీటర్ ముప్ఫైతొమ్మిది. నలభై. నలభైఒకటి.
ముల్లు ఏడువందల యాభై మీద,
గోడకి కొట్టిన మేకులా.
నేను ఊపిరి వదిలాను.

అప్పుడు డోర్కస్ మడమ, తనంతట తనే,
యాక్సిలరేటర్‌ని తట్టింది.
గ్రర్ర్!
మళ్ళీ తట్టింది.
"ఇంక అక్కర్లేదు," అన్నాను.
"తెలుసు," అంటూనే ఇంకోసారి.

పాదానికి కిటికీ ఎక్కడుంటుందో నాకు తెలీదు.

పక్కన ఎర్ర యూట్‌లో, మీసం ఇంకా మొలవని కుర్రాడు
మా వంక ఎగాదిగా చూసి
తన ఇంజన్ రెండుసార్లు గర్జించాడు.
అరవైమూడేళ్ళ డోర్కస్ నీబోన్
కళ్ళద్దాలు పైకి తోసుకుని అడిగింది:
"వాడికేమొచ్చింది? వాడిదీ ఆగిపోతుందా?"