తొండం

సోమశిల రేవుల మర పడవ నాది.
ఇటు పాలమూరు, అటు కర్నూలు,
నడుమ కృష్ణ, కృష్ణ కింద మునిగిన ఊర్లు.
మనిషికి యాభై, మోటారు సైకిలుకు వంద.

ఇది సముద్రమా ఏంది అని
గరికిన దానయ్యను చూసి నవ్వేటోణ్ని.
భీమిలి కాడికెల్లి వలలు మోసుకొచ్చి
అమరగిరి గట్టున గుడిసె ఏసుకున్నడు, ఇరవై ఏండ్లాయె.
ఇప్పటికీ తెల్లారంగ లేచి
నీళ్లను గాదు, మొగులును చూస్తడు ముందుగాల.
"నీటికి పేరుండదురా బాబూ.
ఎడల్పుంటే సాలు,
గాలి దాన్ని సముద్రమనే పిలుస్తాది."

ఆయన లెక్క ఆయనది.
మెరిసిందంటే బొచ్చెలు లెక్కపెట్టాలె,
ఒక బొచ్చె, రెండు బొచ్చె, మూడు బొచ్చె,
తొందర లేకుండ, గంపల ఏసినట్టు.
ముప్పై నిండకముందే ఉరిమితే
ఇగ బేరం లేదు, ఒడ్డు పట్టు.
ఒడ్డు దూరమైతే నిలబడకు,
లంగరు గొలుసు ముట్టకు,
మోకాళ్లు ముడుచుకోని పడవ అడుగుల కూసో.
ఇంత నీళ్లల్ల నువ్వే ఎత్తున్నవని
పిడుగుకు చెప్పుకోకు.

మరి తొండం దిగితే? అని అడిగిన ఒకసారి.
బీడీ ఆర్పిండు. శానసేపు పలకలే.
"కదిలితే బయం నేదు, పక్కకి పోతన్నట్టే.
కదల్నేదనుకో,
నీకాడికే వొస్తన్నట్టు.
దాని ముందు పరిగెట్టకు. దారికి అడ్డంగా పో."

చిత్త కార్తె. పొద్దు వాలింది.
పడవల పద్దెనిమిది మంది, ఒక మేకపోతు,
రెండు బస్తాల పల్లికాయ,
ఫొటోల కోసం పట్నంకెల్లి వచ్చిన నలుగురు పోరగాండ్లు.
నల్లమల మీద మొగులు మసిబట్ట లెక్క.
గాలి చచ్చిపోయింది. నీళ్లు నూనె.
అప్పటిదాంక అరిచిన మేకపోతు
నోరు మూసింది.

మెరిసింది.
ఇరవై రెండో బొచ్చె కాడ ఉరిమింది.

మొగులు కడుపుకు ఒక పొదుగు సాగింది,
సాగి సాగి సన్నబడి
నీళ్లను ముట్టింది.
ముట్టిన కాడ నీళ్లు తెల్లగ కాగినయి.
"ఏనుగులు దిగినయి నీళ్లు తాగనీకె" అని
మల్లేశ్వరం బుచ్చెమ్మవ్వ దండం పెట్టింది.
ఒక పోరడు లేచి నిలబడి ఫోను ఎత్తిండు,
"అన్నా, జర ఆపే,
నిలబడ్డది, కదుల్తలేదు,
మస్తొస్తుంది వీడియో."

కదుల్తలేదు.
ఆ మాట నా చెవుల పడలే,
వెన్నుపూసల పడ్డది.

చుక్కాని అడ్డంగ తిప్పిన.
సిద్ధేశ్వరం అటుంది గదా అని ఒకాయన,
తాగినవా అని ఇంకొకాయన.
తిట్టి కూసోబెట్టిన అందర్ని, గొడుగులు ముడిపించిన.
పట్ట కింద పన్నెండు నారింజ రంగు జాకెట్లు,
మా వాళ్లు ఇచ్చినప్పటి సంది
నాకు దిండ్లయినయి.
పిల్లలకు, ముసలోళ్లకు తొడిగినంక
ఆరుగురికి తక్కువ పడ్డయి.
ఆ ఆరుగురి ముఖాలు చూడలే నేను.

ఎంతసేపో తెల్వదు.
మేము ఇందాక ఉన్న జాగల
నీళ్లు లేచి మెలిదిరిగినయి, తడిబట్ట పిండినట్టు.
ఎవరిదో వల, బెండ్లతోటి సహా,
పైకి పోవుడు చూసిన, దిగుడు చూడలే.
జల్లు మా మీద కొట్టింది.
నాలిక మీద ఉప్పు లేదు.
గంతే తేడా.

వేరే ఒడ్డుకు కొట్టుకపోయి దించిన.
మూడు కిలోమీటర్లు బురదల నడవాలె అని
పల్లికాయ బస్తాలాయన యాభై వాపసు అడిగిండు.
ఇచ్చిన.
పోరడు ఫోను చూసుకుంటున్నడు,
అంత ఊగిపోయిందంట, ఏం పడలే.

రాత్రి దానయ్య గుడిసెకు పోయిన.
దీపం కాడ వల కుట్టుకుంటున్నడు.
చెప్పినదంత విని ఒక్కటే అడిగిండు.
"ఎన్ని నెక్కెట్టావు?"
ఇరవై రెండు.
సూది ఆగింది. మళ్ల కదిలింది.
"మా తమ్ముడు నెక్కెట్టనేదు."

పడవ కాడికి వచ్చి పండుకున్న.
జాకెట్లు గుంజలకు ఆరేసి ఉన్నయి.
తల కిందికి ఒక గోనెసంచి
చూసుకోవాలె ఇగ.