ఏసోబు లెక్క

అల్ ఖాబూరా దాటినంక ఖర్జూరం తోట మాది.
మాది అంటే అర్బాబుది.
మేకలు నూటా పన్నెండు, నీళ్ల మోటార్లు రెండు,
మనుషులం నలుగురం.

ఆదివారం పొద్దుగాల పోలీసు బండి అచ్చింది.
మైకుల అరబ్బీల చెప్పిండ్రు, ఉర్దూల చెప్పిండ్రు:
తుఫాను రాత్రికి ఒడ్డెక్కుతది,
సముద్రం పక్కపొంటి, వాదీల పక్కపొంటి ఎవ్వరుండొద్దు,
బడి తాళం తీసినం, బస్సు పెట్టినం,
అసర్ నమాజు దాకనే.

ఏసోబు సిగరెట్టు ముట్టించుకుండు.
కొక్కిలిగడ్డ ఏసోబుది నాగాయలంక దిక్కు.
డెబ్బై ఏడు ఉప్పెనల ఎనిమిదేండ్ల వాళ్లక్క సలోమి
తాటిమట్టలు కరుచుకొని తెల్లారేదాక బతికిందట.
ఈయన ఆ తర్వాత పుట్టినోడు,
అయినా అక్క చెప్పిన ఆ రాత్రి
ఈయన పండ్ల సందులల్ల ఉండేది.

"సముద్రం ముందు వెనక్కి పోద్ది. పోయిందంటే పరిగెత్తు.
పోలేదా, దుప్పటి కప్పుకో.
ఈ ఇసుకదేశం గాలి నాకు చెప్పేదేంట్రా?"

మాకు సముద్రం తెల్వది.
మా దిక్కు చెరువు మత్తడి దుంకితెనే
పిల్లజెల్లంత కలిసి చూడవోతం.
ఎరుకున్నోని పక్కన కూసుంటె
భయం కూడ కాళ్లు చాపుకుంటది.

అర్బాబు ఫోన్ చేసిండు. "మేకలు పైలం" అన్నడు.
ఉండమనలే. పొమ్మనలే.
రెండు నెలల జీతం ఆయన దగ్గర, పాస్‌పోర్టులు ఆయన బీరువల.
గా మాటకు ఎన్ని అర్థాలుంటయో
నలుగురం నాలుగు తీర్ల ఇన్నం.

సిరాజుల్ ఒక్క మాట మాట్లాడలే.
చార్జరు, గిన్నె, బిడ్డ ఫొటో కవర్ల చుట్టుకొని
గడ్డంతోని హజర్ కొండల దిక్కు చూపెట్టి
బస్సెక్కిండు.
మేము నవ్వినం. ఆ కొండల మీద ఏడాది నుంచి చినుకు లేదు.
బంగ్లాదేశపోడు, నీళ్లంటే ఉలికిపడతడు అన్నం.

నేనెందుకు ఎక్కిన్నో చెప్తే సిగ్గైతది.
ధైర్యం కాదు, తెలివి కాదు.
దవడపన్ను.
బడికాడ డాక్టరుంటడు, గోలీలిస్తడు అన్నరు.

చిన్నపిల్లల బెంచీల నడుమ మోకాళ్లు ముడుచుకొని పన్నం.
గోడ మీద అలిఫ్, బా, తా, ఒక నవ్వుతున్న ఒంటె.
కిటికీలు ఎవరో తన్నుతున్నట్టు గాలి.
తొమ్మిదింటికి ఏసోబు ఫోను:
"మోటారు గది మిద్దె మీదున్నా. బ్యాటరీ ఏసి చూత్తన్నా.
సముద్రం ఉన్నకాడే ఉంది. నే చెప్పలా?"
ఎనక లింబాద్రి నవ్వు ఇనవడ్డది.
గోలీ మింగి నేను నిద్రవోయిన.
అది మర్వను, నిద్రవోయిన.

వాదీ అంటే మేము జుమ్మా నాడు క్రికెట్ ఆడే జాగ.
రాళ్లు, తుమ్మముళ్లు, మేం పాతిన మూడు కట్టెలు.
దాంట్లకెల్లి అచ్చిందట, కొండ మొత్తం కరిగి.
ట్యాంకు నిచ్చెనకు లుంగీతోని కట్టేసుకున్న లింబాద్రి చెప్పిండు:
మేకలు ఒర్రిందాక ఏసోబు ఈపు తిప్పలే.
బ్యాటరీ ఎలుగు అప్పటిదాక సముద్రం మీదనే ఉన్నదట.
తిప్పినంక గూడ ట్యాంకు ఎక్కలే,
దొడ్డి గొళ్లెం తియ్య కిందికి దిగిండు.

మూడోనాడు అర్బాబు అచ్చిండు.
మేకలు లెక్కవెడతడనుకున్న.
తెల్ల దిష్‌దాషతోనే బురదల కూలవడి
చిన్నపోరని లెక్క ఏడ్చిండు.

నాగాయలంకకు నేనే ఫోన్ చేసిన.
సలోమక్క ఏడ్వలే. ముందుగాల ఒకటే అడిగింది:
"సముద్రం వెనక్కి పోయిందా అబ్బాయ్?"
పోలేదక్కా.
"మరి?"

వాగు, అన్న. ఎండిన వాగు.

"వాగా" అన్నది.
మళ్ల అన్నది, "వాగా."